చరణానికీ చరణానికీ నడుమ

మొన్న మాఘమాసంలో మా మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర ఒక పెళ్ళి ఊరేగింపు అడ్డమొచ్చి, కూరల సంచీతో ఒక దుకాణం మెట్ల మీద నిలబడిపోయాను. బ్యాండు మేళం వాళ్ళు అప్పటిదాకా కొత్త సినిమా పాటలతో చెవులు హోరెత్తించి, ఉన్నట్టుండి "మల్లీశ్వరి"లోని మేఘాల పాట ఎత్తుకున్నారు. క్లారినెట్ ముసలాయన పల్లవి వాయించి, తిన్నగా చరణానికి పోకుండా, నడుమ వచ్చే వాద్యాల ముక్క కూడా పొల్లుపోకుండా వాయించాడు. ఊరేగింపు కాసేపు ఆగినప్పుడు ఉండబట్టలేక అడిగాను.

"తాతా, మాటలు లేని ఆ ముక్క గూడ ఎందుకు వాయిస్తరు?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "అది ఇడిస్తె పాటెట్లయితదమ్మా?"

సాలూరి రాజేశ్వరరావుగారి మీద ఇంతకన్నా మంచి విమర్శ నేనెక్కడా చదవలేదు. ఆయన గురించి రాసేవాళ్ళంతా బాణీల తియ్యదనం దగ్గరే ఆగిపోతారు. తియ్యదనం ఉన్నమాట నిజమే. కానీ ఆ పాటలు తలచుకున్నప్పుడు మనకి మాటలతో పాటు ఫలానా చోట వీణ పలికిందనీ, ఫలానా చోట ఫ్లూటు నిట్టూర్చిందనీ గుర్తుంటుందే, ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు. మా అమ్మ వంటింట్లో పాడుకుంటూ పల్లవి అయిపోగానే వయొలిన్ ముక్కని కూడా నోటితోనే లాగించేది. చిన్నప్పుడు మేం నవ్వేవాళ్ళం.

ఆయన పుట్టింది 1922లో, విజయనగరం వైపు సాలూరు దగ్గర శివరామపురంలో. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు, ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్‌కి పక్కవాద్యం వాయించిన మనిషి. ఆ ఇంట్లో పిల్లవాడు పక్కవాద్యం విలువ నేర్చుకున్నాడంటే ఆశ్చర్యమేముంది? పసితనంలోనే సినిమాలో కృష్ణుడి వేషం కట్టాడు. తర్వాత కలకత్తా వెళ్ళి సైగల్, పంకజ్ మల్లిక్‌ల పాట దగ్గరగా విన్నాడు. ఇటు కర్ణాటకం, అటు హిందుస్తానీ, పైన బెంగాలీ మెత్తదనం - మూడూ కలిశాయి.

తర్వాత వచ్చాయి ఆ గ్రామఫోను రికార్డులు. రావు బాలసరస్వతీదేవిగారితో పాడినవీ, ఆయనొక్కరే పాడినవీ. ఆ పాత రికార్డుకి ఒక వైపు పట్టేది మూడు నిముషాలూ ఆపైన కాస్త. అందులోనే పల్లవీ చరణాలూ వాద్యాలూ అన్నీ ఇమడాలి. రాగాన్ని తీరిగ్గా ఆలాపించే చోటు లేదు. దీన్నే మనవాళ్ళు "లలిత సంగీతం" అన్నారు. లలితమంటే తేలిక అని కొందరు పండితుల చిన్నచూపు. చిన్న ఉత్తరం రాయడానికే ఎక్కువ సమయం పడుతుందని కలం పట్టినవాళ్ళకి తెలుసు, ఇదీ అంతే.

జెమినీ వారి "చంద్రలేఖ" (1948) చూడండి. వందల మంది నర్తకులు, బ్రహ్మాండమైన డ్రముల నాట్యం. అంత హోరు చేయగలిగిన మనిషి నాలుగేళ్ళు తిరక్కుండా "మల్లీశ్వరి" (1951)లో ఎంత సన్నగా పలికించారో! కృష్ణశాస్త్రిగారి మాటలకి అడ్డు రాకుండా వాద్యాలు పక్కకి తప్పుకుంటాయి, మాట ఆగగానే వచ్చి చెయ్యి పట్టుకుంటాయి. ఆ మేఘాల పాటలో నాగరాజు ఒకచోట, మల్లి ఒకచోట. ఘంటసాలగారి గొంతు నుంచి భానుమతిగారి గొంతుకి కబురు మోసుకెళ్ళేది నిజానికి మేఘం కాదు, ఆ నడుమ వాద్యాలే. నేను నవలలో ఇద్దరిని విడదీస్తే మధ్యలో మూడు చుక్కలు పెట్టి ఊరుకుంటాను. ఆయన ఆ చుక్కల్లో కూడా కథ నడిపించారు.

అయితే ఆ ఘనత అంతా ఆయనొక్కరిదేనా? "మల్లీశ్వరి"కి వాద్యసమ్మేళనం కూర్చింది అద్దేపల్లి రామారావుగారు. ఆ పేరు ఎంతమంది తలుచుకుంటారు? "మాయాబజార్" (1957)లో ఇది తిరగబడింది. నాలుగు పాటలకి బాణీలు కట్టి రాజేశ్వరరావుగారు తప్పుకుంటే, వాద్యాలు అమర్చి పూర్తి చేసింది ఘంటసాలగారు. పేరూ ఆయనదే పడింది. ఇక ఆ ఫ్లూటు ఊదినవారు, ఆ వయొలిన్ల వరసలో నాలుగోవారు ఎవరో మనకేనాడూ చెప్పలేదు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం నాకిష్టం లేదు. "ఆరాధన" (1962)లో శ్రీశ్రీగారు రాసిన ఆ నిదురించే చెలి పాట మనందరికీ ప్రాణం. దాని బాణీ మాత్రం బెంగాలీ "సాగరిక"లోనిది. సినిమానే అక్కడి నుంచి వచ్చింది కాబట్టి బాణీ కూడా వెంట వచ్చింది. తెలిసిన రోజున నాకు రెండు పూటలు మనసు బాగోలేదు! కానీ "మిస్సమ్మ" బృందావనం పాట సంగతి చూడండి. అదే కథ హిందీలో "మిస్ మేరీ" (1957) అయినప్పుడు, హేమంత్ కుమార్ అంతటివాడు ఆ ఒక్క బాణీని ఉన్నదున్నట్టుగా ఉంచుకున్నాడు. ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క నాకు తేలదు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. బాణీ ఎరువు తెచ్చుకున్న చోటకన్నా సొంతంగా కట్టిన చోటే ఆయన నడుమ ముక్కలు ఎక్కువ మాట్లాడతాయి.

1999 అక్టోబరులో ఆయన పోయారు.

ఆ పెళ్ళి రోజు ఇంటికొచ్చి మా అమ్మాయిని ఫోన్‌లో ఆ మేఘాల పాట పెట్టమన్నాను. పల్లవి అయ్యింది. వాద్యాలు మొదలవగానే దాని వేలు అలవాటుగా పాటని చరణం దగ్గరికి జరిపేసింది. లోపల చిక్కుడుకాయలు వలుస్తున్న అమ్మ ఆ ఎగిరిపోయిన ముక్కని నోటితో లాగిస్తూనే ఉంది, తీరిగ్గా. అది పూర్తయ్యాక ఆగి, గట్టిగా అడిగింది:

"చరణం ఏమొస్తదే? మరిచిన."