దిగిపోయాక ఎక్కడ?

సింగరేణి బొగ్గు గనుల శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ఏరియాల్లో మనిషి దిగిపోవడానికి, అంటే రిటైర్ కావడానికి, ఏడాది ముందు నుంచే ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. 61 ఏళ్లు నిండిన నెలాఖరుకు శాలువా కప్పి, దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపుతారు. ఆ తర్వాత కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. మరి ఎక్కడ ఉండాలి? ఎక్కువ మంది మంచిర్యాల అంటారు. కొడుకో బిడ్డో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అటు చూస్తారు. కొన్ని ఇళ్లల్లో మాత్రం మూడో మాట వినిపిస్తుంది: సముద్రం దగ్గరికి పోదాం. ఏ ఊరని అడిగితే, విశాఖ మన చేతికి అందదని పక్కన పెట్టి, కాకినాడ పేరు చెబుతారు. తాతల కాలంలో కోస్తా జిల్లాల నుంచి బాయి (బొగ్గు గని) పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలకైతే అది కొత్త ఊరు కూడా కాదు, వదిలి వచ్చిన వైపే.

ఆ మాటను తేలిగ్గా తీసేయడానికి లేదు. ముప్ఫై అయిదేళ్లు భూగర్భంలో బొగ్గు పొడి పీల్చిన ఊపిరితిత్తులు అడిగే కోరిక అది. బాయి దిగడం మానేసినా మంచిర్యాల చుట్టుపక్కల దుమ్ము మానదు. ఓపెన్‌కాస్టులు, బొగ్గు లారీలు, సిమెంటు ఫ్యాక్టరీ, జైపూర్ దగ్గర సింగరేణి సొంత 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం, గోదావరి అవతల రామగుండంలో ఎన్టీపీసీ. ఓపెన్‌కాస్టు పక్క ఊళ్లల్లో బ్లాస్టింగ్ వేళ గోడలు అదరడం రోజువారీ సంగతి. ఆయాసంతో రాత్రి లేచి కూర్చునే మనిషి ఉప్పుగాలి గురించి కల కంటే తప్పు పట్టేవారెవరు?

కాకినాడకు ‘పెన్షనర్ల స్వర్గం’ అని పాత పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. తిన్నగా సాగే వెడల్పాటి వీధులు, 2011 లెక్కల్లో మూడు లక్షల పైచిలుకు జనాభా, 1958 నుంచి ఉన్న రంగరాయ వైద్య కళాశాల, దాని పెద్దాసుపత్రి, పొద్దున్నే దొరికే తాజా చేప. పెద్ద ఊరి సౌకర్యాలున్నా పెద్ద ఊరి ఉరుకులాట తక్కువ.

ఎండ సంగతి దగ్గర మాత్రం చాలామంది లెక్క తప్పుతారు. రామగుండం, మంచిర్యాల వైపు రోహిణి కార్తెలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు కాబట్టి, 38 ఉండే కోస్తా చల్లగా ఉంటుందనుకుంటారు. వాతావరణ శాఖ వడగాలిని లెక్కించే తీరు చూస్తే అసలు విషయం తెలుస్తుంది. మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు ఉంటేగానీ వడగాలి లెక్కలోకి రాదు. తీరంలో ఆ హద్దు 37. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒంటి వేడి దిగదు. మంచిర్యాలలో ఎండాకాలం నీళ్లు పోసిన కూలర్ హాయిగా పనిచేస్తుంది. తేమ నిండిన తీరంలో అదే కూలర్ గదిని మరింత ఉక్కపోత చేస్తుంది. అక్కడ ఏసీ కావాలి, దానికి కరెంటు బిల్లు కట్టాలి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే హాయే, తిరగని రోజులూ ఉంటాయి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయం డాక్టర్‌తో మాట్లాడకుండా కదలకూడదు.

తుఫానుల మాటకొస్తే, కాకినాడ పక్కనున్న కోరంగి రేవును 1839 నవంబర్ ఉప్పెన తుడిచిపెట్టింది. 1996 నవంబర్ 6 నాటి తుఫాను కోనసీమ పరిసరాల్లో వేయి మందికి పైగా ప్రాణాలు తీసి, కొబ్బరి తోటలను నేలకూల్చింది. 2025 అక్టోబర్ చివర మొంథా తుఫాను కూడా ఆ తీరాన్నే తాకింది. కాకినాడకు ఎదురుగా, గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అలల తాకిడిని కొంత ఆపుతుంది, కోరంగి మడ అడవులు మరికొంత ఆపుతాయి. దానికి దగ్గర్లోనే, ఆ కాపు లేని ఉప్పాడ తీరంలో సముద్రం ఏటా ఇళ్లనూ రోడ్డునూ కోసుకుపోతోంది. అడ్డంగా కట్టిన జియోట్యూబ్ గోడ కూడా నిలవలేదు. బీచ్ రోడ్డు పక్కన చవగ్గా స్థలం వస్తుందని ఎవరైనా చెబితే, ఎందుకు చవకో అక్కడి మత్స్యకారులను అడగాలి.

అయితే నీళ్ల భయం సముద్రానికే పరిమితమని మంచిర్యాల వాళ్లు అనలేరు. 2022 జులైలో గోదావరి పొంగి రాళ్లవాగు ఎదురుతన్నినప్పుడు కాలనీలు మునిగాయి, మాతా శిశు ఆసుపత్రి నుంచి బాలింతలను తరలించాల్సి వచ్చింది. ఏ ఊళ్లో ఇల్లు కొన్నా పాత వరద ఎంతవరకు వచ్చిందో చూసి కొనాల్సిందే.

ఇక పైసల లెక్క. గ్రాట్యుటీ గరిష్ఠంగా 20 లక్షలు, దాని పైన పీఎఫ్. ఒకేసారి చేతికొచ్చిన ఈ డబ్బు చూసి ఎంత ధైర్యం వస్తుందో, నెలనెలా వచ్చే పింఛన్ చూస్తే అంత తగ్గుతుంది. 1998 బొగ్గు గనుల పింఛన్ పథకంలో కరువు భత్యం లేదు. దిగిపోయిన నాడు ఎంత ఖరారు చేశారో పదేళ్ల తర్వాత కూడా దాదాపు అంతే. బియ్యం, మందులు, కరెంటు ధరలు మాత్రం ఆగవు. అందుకే సొమ్మంతా ఇంటి మీద పెట్టేయడం ప్రమాదం. ఉప్పుగాలికి తలుపు బందులు, కిటికీ ఊచలు, స్కూటర్, ఫ్రిజ్ తొందరగా తుప్పు పడతాయి. తీరంలో ఇల్లంటే ఆ మరమ్మతు ఖర్చు ఏటా ఉంటుంది.

అన్నిటికన్నా బరువైన సంగతి ఆసుపత్రి. రామకృష్ణాపూర్, బెల్లంపల్లి, గోదావరిఖని ఏరియా ఆసుపత్రుల్లో పాత కార్మికుడు ముక్కూముఖం తెలియని రోగి కాదు. ఏ బాయిలో చేశాడో, ఏ ప్రమాదంలో కాలు విరిగిందో తెలిసినవాళ్లు అక్కడ ఉంటారు. దిగిపోయినవాళ్ల వైద్య పథకం కింద భార్యాభర్తలిద్దరికీ కలిపి 8 లక్షల వరకు చికిత్స ఖర్చు దొరుకుతుంది. ఆ పథకం కార్డు కాకినాడలో ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో, బీపీ షుగర్ గోలీల బిల్లు ఎక్కడ పెట్టుకోవాలో దిగిపోయే ముందే ఏరియా ఆఫీసులో అడిగి రాసుకోవాలి. ఇల్లు చూడటానికి కాకినాడ రైలెక్కేవాళ్లు ముందు ఈ పని చేయాలి. పింఛన్‌కు కావాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఎక్కడినుంచైనా ఆన్‌లైన్‌లో ఇవ్వొచ్చు, ఆ చిక్కు లేదు. ఆయాసం ముదిరిన రాత్రి పరిస్థితి వేరు.

దూరం కూడా తక్కువేమీ కాదు. మంచిర్యాల నుంచి హైదరాబాద్‌కు పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి కొడుకింట్లో అన్నం తినొచ్చు. కాకినాడ నుంచైతే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం. మంచిర్యాలలో చావుకో పెళ్లికో రావాలంటే కాజీపేటలో దిగి మరో బండి పట్టుకోవాలి. నలభై ఏళ్ల దోస్తుల్లో ఒకడు పోయాడని ఫోన్ వస్తే మట్టికి అందడం కష్టం. ఇది చిన్న నష్టంగా ఈ కాలమ్ భావించదు.

ఈ లెక్కలన్నీ సాధారణంగా మగవాళ్లే వేస్తారు. ఊపిరితిత్తులు ఆయనవి, పింఛన్ ఆయనది, సముద్రం కోరికా ఆయనదే. బాయి పని చేసిన మనిషి కంటే ఆయన భార్య చాలా ఏళ్లు ఎక్కువ బతకడం ఈ ప్రాంతంలో ప్రతి వీధిలోనూ కనిపించేదే. అంటే ఆ కొత్త ఊళ్లో చివరికి ఒంటరిగా మిగిలేది ఆమె, అదీ తగ్గించిన కుటుంబ పింఛన్‌తో. నస్పూర్ కాలనీలో ఆమెకు బతుకమ్మ ఆడే గుంపు ఉంది, చిట్టీ కట్టే పక్కింటి అక్క ఉంది, కార్తీకంలో గూడెం గుట్ట సత్యనారాయణస్వామి వ్రతానికి కలిసి వెళ్లే తోడు ఉంది. కాకినాడ దగ్గర అన్నవరం ఉంది, సత్యనారాయణస్వామి అక్కడా ఉన్నాడు. వ్రతానికి తోడు వచ్చే మనిషిని మాత్రం అరవై ఏళ్ల వయసులో కొత్తగా వెతుక్కోవాలి.

అక్కడ చెల్లెలో మేనత్తో ఉన్న కుటుంబాలకు, దుమ్ము పడదని డాక్టర్ గట్టిగా చెప్పినవాళ్లకు కాకినాడ మంచి నిర్ణయమే కావచ్చు. మిగతావాళ్లు మంచిర్యాలలో సొంత ఇల్లు ఉంటే అమ్మకుండా కిరాయికి ఇచ్చి, కాకినాడ రామారావుపేటలోనో గాంధీనగర్‌లోనో ఏడాది కిరాయికి ఉండి చూడాలి. ఆ ఏడాదిలో మే నెల ఉక్కపోత, నవంబర్ తుఫాను కాలం రెండూ గడపాలి. బజారుకు, బ్యాంకుకు, ఆసుపత్రికి ఆమె ఒక్కతే ఆటో మాట్లాడుకుని పోయి రావాలి. ఖాతా ఇద్దరి పేరునా ఉండాలి, వైద్య కార్డు వాడటం ఆమెకు తెలియాలి. ఏడాది చివర ఉండాలా, తిరిగి రావాలా అన్న ప్రశ్న ముందుగా ఆమెనే అడగాలి.