బళ్లెక్కిన ఓడలు

ముక్త్యాల రేవులో నడినెత్తిన ఎండ మాడుస్తుంటే, అవతల మాదిపాడు ఒడ్డున బల్లకట్టు కదిలిందా లేదా అని చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడ్డ ఎవరికైనా ఒక సంగతి తెలిసొస్తుంది. నడి ఏట్లో ఇబ్బందేమీ ఉండదు, కబుర్లే. ఇబ్బందంతా ఒడ్డు దగ్గర. బండి ఎక్కించాలి, దించాలి. చక్రం బురదలో దిగబడుతుంది, ఎడ్లు బెదురుతాయి, బల్ల ఒక పక్కకి ఒరుగుతుంది. అందరూ ఒకేసారి అరుస్తారు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, వందేళ్ల కిందట మన తీరానికి ఉక్కు స్టీమర్లు వచ్చాక కూడా చెక్క ఓడలు కట్టే వడ్రంగులకు పని ఎందుకు తప్పలేదో తేలిగ్గా బోధపడుతుంది.

మా జగ్గయ్యపేట, నందిగామ వైపు వాళ్లకు ఓడ అంటే సామెతలోదే. ‘ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి’ అని ఊరికే అనేస్తుంటాం. కృష్ణా జిల్లాలో ఉన్నన్నాళ్లూ మేం మెట్ట వాళ్లమే, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అయినా మెట్ట వాళ్లమే. సముద్రం బందరు వాళ్లదని మాకో అభిప్రాయం. కానీ చరిత్రలో ఈ మెట్టే సముద్రానికి సరుకు తోలింది. నందిగామ దగ్గర పరిటాల, కృష్ణకు ఆవల కొల్లూరు వజ్రపు గనుల ఊళ్లు. గోల్కొండ రాజుల కాలంలో ఆ రాళ్లకు, మన మగ్గాల బట్టకు పైదేశాల దారి మచిలీపట్నమే. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో బందరులో దిగింది గోల్కొండ రాజు ఓడలోనే. కొల్లూరు ఇవాళ పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది.

ఇంకా వెనక్కి పోతే జగ్గయ్యపేట ధనబోడు మీద బౌద్ధ స్తూపం ఉంది. దాని పలకలు పల్నాటి సున్నపురాయి. పల్నాడు ఏటికి అవతల. ఆ రాయి అక్కడి నుంచే వచ్చి ఉంటే, అంత బరువు బండి మీదే వచ్చిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. ఏదో ఒక రూపంలో బల్లకట్టు అప్పుడూ ఉండాలి. ఆ తర్వాతి శాతవాహనులు తమ సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడను ముద్రించుకున్నారు. రాజు తన నాణెం మీద ఊరికే బొమ్మ వెయ్యడు కదా.

సరే, ఓడ ఎలా కడతారన్న దగ్గరికి వద్దాం. మన తీరానికి రెండు పద్ధతులు. ఒకటి కుట్టే పద్ధతి, ఇంకోటి మేకు కొట్టే పద్ధతి.

కుట్టడం అంటే నిజంగా కుట్టడమే. ఇంగ్లీషు వాళ్లు మసూలా బోటు అని రాసుకున్న పడవ ఇది. పలకల అంచుల్ని ఒకదానికొకటి ఆనించి, రెండు అంచుల వెంబడీ బరమాతో వరుసగా బెజ్జాలు వేస్తారు. అతుకు మీద ఎండుగడ్డినో కొబ్బరి పీచునో వత్తుగా పరిచి, దాని మీదుగా కొబ్బరితాడు పోనిచ్చి బిగించి లాగుతారు, గోనెసంచి మూతి కుట్టినట్టు. లోపల పక్కటెముకల్లాంటి వంపు కర్రలు ఉండవు. అడ్డంగా కొన్ని కర్రలు, అంతే. ఎత్తయిన పక్కలు, చదునైన అడుగు. చూడటానికి మోటుగా ఉంటుంది. నీళ్లూ కారుతుంది, కారిన నీళ్లు తోడటానికి ఒక మనిషి ఉంటాడు.

ఇంత పనితనం తెలిసినవాళ్లు మేకు కొట్టడం తెలియక కుట్టారా? భోజరాజు పేరు మీద ఉన్న ‘యుక్తికల్పతరువు’ అనే సంస్కృత గ్రంథంలో, ఓడ అడుగు పలకల్ని ఇనుముతో కలపవద్దనీ, సముద్రంలో అయస్కాంత శిలలు లాగేస్తాయనీ ఉంది. రాధాకుముద్ ముఖర్జీ 1912లో భారతీయ నౌకాచరిత్ర రాస్తూ ఈ గ్రంథాన్ని లోకానికి బాగా పరిచయం చేశారు. అయస్కాంతం కథ పండితుల సరదా. అసలు కారణం మన ఒడ్డున విరిగే కెరటం. మన తూర్పు తీరంలో చాలా చోట్ల సహజమైన రేవు లేదు, ఇసుక మేటల మీద కెరటాలు వరుస కట్టి విరుగుతాయి. మేకులు బిగించిన గట్టి పడవను ఆ కెరటం ఎత్తి ఇసుక మీద కొడితే పలక చీలుతుంది. కుట్టిన పడవ మాత్రం మెలి తిరిగి, దెబ్బను మింగి, మళ్లీ సర్దుకుంటుంది. తాళ్లు పాతబడితే కుట్లు విప్పి, పలకలు ఆరబెట్టి, కొత్త తాడుతో మళ్లీ కుట్టుకోవచ్చు. ఇంట్లో పరుపు విప్పి దూది ఏకించినట్టే. జేమ్స్ హార్నెల్ 1920లో మన దేశపు పడవల మీద రాసిన పెద్ద వ్యాసంలో ఈ పడవకు గౌరవమైన చోటే ఇచ్చాడు.

మేకు కొట్టే పద్ధతికి రాజధాని కోరంగి, దాని పక్కనే తాళ్లరేవు. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటు. 1802 ప్రాంతంలో ఎబెనెజర్ రోబక్ అనే ఇంగ్లీషాయన అక్కడ డాక్ కట్టించాడు. కలకత్తాకూ ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడల్ని ఒడ్డెక్కించి బాగుచేయగల చోటు అదొక్కటేనని పేరుండేది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ఆ ఊరిని ఊడ్చేసింది. ‘సైక్లోన్’ అనే మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ రాతల్లో కోరంగి ఉప్పెన ప్రస్తావన ఉంటుంది. ఊరు పోయింది గానీ చేతిపని పోలేదు. ఇరవయ్యో శతాబ్దంలోనూ తాళ్లరేవులో ధోనీలనే చెక్క ఓడలు తయారవుతూనే ఉన్నాయి.

ధోనీ కట్టడం కర్ర ఎంపికతో మొదలు. పలకలకు టేకు. అటు బర్మా నుంచీ, ఇటు గోదావరి ఎగువ అడవుల నుంచీ దొరికేది. టేకులో సహజంగా ఉండే నూనె ఇనుప మేకును తుప్పు పట్టనివ్వదు. ఐరోపా వాళ్ల ఓక్ కర్రలోని పులుపు మేకును తినేస్తుంది. బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం వాళ్లు 1817లో బ్రిటిష్ నౌకాదళానికి టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులో ఇప్పటికీ నీళ్ల మీద తేలుతూనే ఉంది.

లోపలి వంపు కర్రలకు మాత్రం నిటారు టేకు పనికిరాదు. నిటారు మానును వంపుగా కోస్తే నార తెగుతుంది, తెగిన చోట విరుగుతుంది. అందుకని పుట్టుకతోనే వంగిన కొమ్మ కావాలి. దానికి నల్లతుమ్మ. ఇక్కడ మా మెట్టవాడు కాలరు ఎగరేసుకోవచ్చు. బండి చక్రానికి చుట్టూ అమర్చే వంపు ముక్కలకు మా వడ్రంగులు ఏరుకునేదీ నల్లతుమ్మే, వెతికేదీ అదే వంపు. చెట్టు చుట్టూ తిరిగి, కొమ్మను కాసేపు చూసి, ‘ఇందులో రెండు ముక్కలొస్తాయి’ అని చెప్పే వడ్రంగిని నేను చిన్నప్పుడు చూశాను. ఓడ వడ్రంగి అదే కొమ్మలో ఓడ పొట్ట ఏ చోట ఎంత తిరుగుతుందో చూస్తాడు. కోసిన కర్రను నీళ్లలో నానేసి పసరు దిగనివ్వడం కూడా రెండు వృత్తులకూ ఒకటే. మా ఊళ్లలో దూలాలు చెరువులో నెలల తరబడి పడుండేవి. పిల్లలం వాటి మీదెక్కి ఈత కొట్టి తిట్లు తినేవాళ్లం.

అడుగున వెన్నెముకలాంటి పొడవాటి దూలం వేస్తారు. ముందూ వెనకా కొమ్ములు నిలబెడతారు. కాగితం మీద నమూనా ఉండదు. పొడవు ఇంత అంటే వెడల్పు ఇంత, లోతు ఇంత అని మేస్త్రి నోట్లో లెక్క ఉంటుంది. మూర, జాన, అంగుళం, వడ్రంగి దారం. మధ్యలో నాలుగైదు వంపు కర్రలు మాత్రం మొదట నిలిపి, వాటి మీదుగా సన్నని బద్దల్ని ముందు కొమ్ము నుంచి వెనక కొమ్ము దాకా వంచి కడతారు. అప్పుడు మేస్త్రి దూరంగా పోయి ఒక కన్ను మూసి చూస్తాడు. బద్ద ఎక్కడైనా గూనిగా కనిపించిందా, అక్కడి కర్రను బాడిసతో చెక్కాలి. బద్ద తనంతట తాను హాయిగా వంగితేనే రేపు పలకా వంగుతుంది, ఎల్లుండి నీరూ జారుతుంది. మిగతా వంపు కర్రల కొలతలన్నీ ఆ బద్దలే చెబుతాయి. ఇంజనీరు కాగితం మీద గీసే గీతను ఈయన గాలిలో కట్టి చూపిస్తాడన్నమాట. మందపాటి పలకను వంచడానికి కింద నిప్పుల సెగ, పైన నీళ్లు, కొసన బరువు. తొందరపడితే చిట్లుతుంది.

తర్వాత సందులు పూడ్చాలి. బయటివాళ్ల కంట పడని పని ఇదే, ఓడ ప్రాణం ఉన్నదీ ఇందులోనే. నూనెలో తడిపిన దూదిని లేదా పీచును తాడులా పేని, మొండి ఉలితో, కొయ్య సుత్తితో అతుకులోకి దిగ్గొడతారు. మొదట దెబ్బ మెత్తగా పలుకుతుంది. సందు నిండేకొద్దీ గట్టిపడి చివరికి ఖంగున మోగుతుంది. చెవితో చేసే పని. తక్కువ కొడితే కారుతుంది, ఎక్కువ కొడితే పలకల్ని ఎడంగా నెట్టేస్తుంది. దాని మీద గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద. నీళ్లలో మునిగే భాగానికి సున్నం నూనెతో నూరిన పూత, చెక్కను తొలిచే సముద్రపు పురుగు రాకుండా. మంచినీళ్లలో కొన్నాళ్లు ఉంచినా ఆ పురుగు బతకదు. నదీముఖాన రేవు ఉండటంలో గోదావరి వరద చేసే సాయం అది. మేటల మీదుగా రావాలి కాబట్టి ధోనీకి అడుగు లోతు తక్కువ. అమావాస్యకో పౌర్ణమికో పెద్ద పోటు చూసి నీళ్లలోకి దించుతారు.

ఇదంతా జరుగుతున్న కాలంలోనే, 1906లో, ఇంగ్లండు పోర్ట్స్‌మత్‌లో డ్రెడ్‌నాట్ అనే ఉక్కు యుద్ధనౌక నీళ్లలోకి దిగింది. ప్రపంచ నౌకాదళాల లెక్కలన్నీ తలకిందులయ్యాయి. ఆ ఏడే తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి బ్రిటిష్ ఇండియా స్టీమర్లకు ఎదురు నిలిచాడు. కొన్నేళ్లకే ప్రభుత్వం ఆయన్ను జైల్లో వేసి కంపెనీని ముంచేసింది. బ్రిటిష్ ఇండియా వాళ్ల స్టీమర్లలోనే మన కూలీలు కాకినాడ, విశాఖల నుంచి రంగూను పోయేవాళ్లు. బర్మాలో తెలుగువాళ్లందరికీ ‘కోరంగీలు’ అని పేరు పడింది. రేవు చిన్నబోయినా దాని పేరు సముద్రం దాటి ఒక జాతికి అంటుకుంది. 1930 మే నెలలో రంగూను రేవులో సమ్మె కట్టి, ఆ తర్వాతి అల్లర్లలో నెత్తురోడిందీ ఈ కోరంగీలే.

స్టీమరు సముద్రం దాటేది గానీ ఒడ్డు దాటలేకపోయేది. కాకినాడలో పెద్ద ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేసుకుని కూర్చునేవి. బందరులోనూ అంతే. ధాన్యం, పొగాకు, పత్తి, నూనెగింజలు అక్కడిదాకా పోవాలంటే చెక్క పడవే గతి. కెరటాలు విరిగే చోట మసూలా, కాలువ మూతుల దగ్గర ధోనీ. లండన్‌లో వాటాదారులున్న కంపెనీ లాభమంతా ఆఖరి నాలుగు మైళ్లలో పేరులేని వడ్రంగి బిగించిన అతుకు మీద ఆధారపడి ఉండేది. ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఊరికే పుట్టలేదు: ఆనాటి ఓడల కథల్లో కంపెనీల పేర్లూ కెప్టెన్ల పేర్లూ దొరుకుతాయి, ఈ వడ్రంగుల పేర్లు వెతుక్కోవాలి.

ఇనుప ఓడల కథ మన గడ్డ మీదికి ఆలస్యంగా వచ్చింది. వాల్‌చంద్ హీరాచంద్ ప్రభృతులు 1919లో సింధియా కంపెనీ పెట్టారు. 1933 అక్టోబరు 7న విశాఖ కొత్త రేవులోకి మొదట అడుగుపెట్టింది ఆ కంపెనీ ఓడ జలదుర్గే. ఓడల కర్మాగారానికి కలకత్తాలో చోటు దొరక్కపోతే వాల్‌చంద్ విశాఖకు వచ్చాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేశాయి. ఎట్టకేలకు 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా జలఉష నీళ్లలోకి దిగింది, ఎనిమిది వేల టన్నుల ఓడ. దాని గురించి పుస్తకాలున్నాయి, తపాలా బిళ్ల ఉంది; నేను ఎక్కువ చెప్పనక్కర్లేదు. విశాఖలో రేవు లోతు చేశాక స్టీమరు నేరుగా గోడకు ఆనుకుంది. మసూలా కుట్టేవాళ్ల పని సన్నగిల్లింది అప్పుడే. ఉప్పెనలు చేయలేని పని రేవు అడుగు తవ్వే తవ్వోడ చేసింది.

మొన్న వేసవిలో ముక్త్యాల రేవు పక్కన ఒక పాత చెక్క పడవ బోర్లా పడి ఉంది. వంపు కర్రలు అప్పటికే ఎవరో ఊడదీసుకుపోయారు, పశువుల కొట్టానికో పొయ్యిలోకో. ఇద్దరు మనుషులు పలకలు విడదీసి ట్రాక్టరు ట్రాలీలోకి ఎక్కిస్తున్నారు. మేకులు వంచిన చోటల్లా నల్లటి మచ్చలు. ఒక అతుకు మాత్రం గునపానికీ లొంగలేదు. వంగి చూశాను. సందులో పీచు రాయిలా గట్టిపడి ఉంది, గోటితో గీరితే ఒక్క పోగూ ఊడలేదు. చివరికి వాళ్లు రెండు పలకల్ని కలిపే ట్రాలీలోకి ఎత్తారు.