నాయకత్వం నేర్పుతామన్నోళ్లు

మా వాళ్లకు నాయకత్వ శిక్షణ ఇస్తమని ఎవరన్నా వస్తే నేను ముందుగాల ఒకటే చూస్త. పాఠం ఎవరి ప్రశ్నతోని మొదలైతున్నది? వచ్చినోళ్లు తెచ్చిన పుస్తకంతోనా, కూసున్నోళ్ల కడుపులో ఉన్న మాటతోనా? పన్నెండేండ్లుగా సర్కారు బడిలో పంతులమ్మను. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాది. బోర్డు ముందర నిలబడే మనిషికీ, కింద కూసునే మనిషికీ నడుమ ఎంత దూరముంటదో రెండు దిక్కులా ఉండి చూసిన.

మా చిన్నమ్మ 2019 జనవరిలో ఎస్సీ మహిళా రిజర్వేషన్‌లో సర్పంచిగా గెలిచింది. ఆమె శిక్షణకు తోడు పోయిన. మూడు రోజులు. రిజిస్టర్లు ఎన్ని, సభలు ఎప్పుడు, మొక్కలు ఎట్ల బతికించాలె, చెప్పిందే చెప్పిన్రు. చిన్నమ్మ ఒక్కటే అడిగింది: "సారూ, ఉపసర్పంచి సంతకం పెట్టకుంటే నేనేం జెయ్యాలె?" ఆయన నవ్విండు. "కలుపుకొని పోవాలమ్మా" అని కాగితం తిప్పిండు.

ఆ ప్రశ్న చిన్నది గాదు. 1993లో అమల్లోకొచ్చిన 73వ సవరణ సర్పంచి కుర్చీల్లో మాకు వాటా ఇచ్చింది. ఉపసర్పంచికి రిజర్వేషన్ లేదు, వార్డు సభ్యులు ఎన్నుకుంటరు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద ఆ ఇద్దరి సంతకాలు కావాలన్నది. కుర్చీ వాడకొచ్చింది, చెక్కు సగం ఊర్లెనే ఉండిపోయింది. మా ఊర్ల ఆ సగం పటేలు కొడుకు చేతిలో. వాడల మోరీ బిల్లు నాలుగు నెలలు ఆగింది. శిక్షణ మాత్రం చిన్నమ్మకు చదువు తక్కువన్న లెక్కతోనే నడిచింది. ఆమెకు తక్కువైంది చదువు కాదు.

అమెరికా నల్లవాళ్ల పౌరసత్వ బడుల గురించి చదివినంక నాకీ తేడా ఇంకా తేటపడ్డది. దక్షిణ కరోలినా తీరాన జాన్స్ ద్వీపం ఉంది. అక్కడ నల్లవాళ్లు ఓటు నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలోంచి చదివి చూపాలె. ఈసా జెంకిన్స్ తన బస్సు ఎక్కినోళ్లకే ఆ పాఠం చెప్పబట్టిండు. 1957 జనవరిలో ఒక దుకాణం వెనక గదిలో బడి పెట్టిన్రు, తెల్లోళ్ల కంట పడొద్దని. పాఠం చెప్పనీకి టీచర్ను తేలేదు. జుట్టు దిద్దే పని చేసుకునే బెర్నీస్ రాబిన్సన్‌ను పెట్టిన్రు. (పంతులమ్మగా నాకిది కొంచెం గుచ్చుకునే మాటే.) మీకేం నేర్చుకోవాలని ఉందని ఆమె వాళ్లనే అడిగింది. పేరు రాయాలె, బైబిలు చదవాలె, మనియార్డరు ఫారం నింపాలె అన్నరు. అక్కడి నుంచే రాజ్యాంగం దాకా పోయిన్రు.

ఈ బడుల వెనకున్న సెప్టిమా క్లార్క్ మాత్రం టీచరే. ప్రభుత్వోద్యోగులు ఎన్.ఏ.ఏ.సి.పి.లో ఉండొద్దని ఆ రాష్ట్రం చట్టం తెస్తే, ఆమె సభ్యత్వం వదులుకోలేదు. 1956లో నలభై ఏండ్ల కొలువు పోయింది. 1963 జూన్‌లో ఇట్లాంటి శిక్షణకే పోయి బస్సుల తిరిగొస్తున్న ఫానీ లూ హేమర్‌ను మిసిసిపిలో, వినోనా జైల్లో పెట్టి చావగొట్టిన్రు. పత్తిచేలల్ల బతికిన మనిషి ఆమె. ఆ చదువు అబ్బినోళ్లంటే అక్కడి పోలీసులకు అంత భయం. మా చిన్నమ్మకిచ్చిన సర్టిఫికెట్ చూసి ఎవరు భయపడాలె?

అట్లని అక్కడంతా బంగారమేం కాదు. 1961లో ఆ బడుల్ని తీసుకున్న మార్టిన్ లూథర్ కింగ్ సంస్థలో ఆడవాళ్ల మాటకు విలువుండేది కాదని క్లార్కే తర్వాత చెప్పింది. మన సంఘాల వేదికలు చూసినోళ్లకు ఇది కొత్తేం గాదు.

అంబేద్కర్ 1956లో బొంబాయిల రాజకీయ ప్రవేశానికని శిక్షణ పాఠశాల పెట్టిండు. ఆ డిసెంబరు 6న ఆయన పోయిండు, బడి కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. విగ్రహాలు ఊరూరా నిలబెట్టుకున్నం. ఆ బడి సంగతి ఎంతమందికి యాదికున్నది?

మోరీ బిల్లు మీద సంతకం ఎట్ల పడ్డదంటే, వాడ ఆడోళ్లు ముప్పై మంది గ్రామసభలో లేచి, ఎందుకు పెట్టవని ఉపసర్పంచిని ఒక్కొక్కరే అడిగిన్రు. శిక్షణల ఇచ్చిన పుస్తకంలో ఆ మాట లేదు. చిన్నమ్మ పదవి 2024లో అయిపోయింది. ఇప్పుడు విద్యార్థి సంఘాల తమ్ముళ్లు, చెల్లెండ్లు క్లాసు చెప్పమని పిలిస్తే, మొదటి పూట చిన్నమ్మకు ఇయ్యమంటున్న. రెండు చోట్ల ఒప్పుకున్నరు. ఒక చోట టైం లేదన్నరు.