టాపాకు ఎండ అక్కర్లేదు

ఈ వారం ఒక వంటల వీడియో చూసి ఒళ్లు మండింది. ఫిలిప్పీన్స్ 'టాపా' నేర్పిస్తానంటూ ఒకాయన దళసరి మాంసం ముక్కల్ని పులుసులో ఉడికించి, అప్పుడే దించిన అన్నం మీద పోశాడు.

ఎండ చేసే పని యంత్రం చేయలేదని ఇక్కడ చాలాసార్లు రాశాను. టాపా పుట్టిందీ ఎండలోనే. ఫ్రిజ్‌లు లేని కాలంలో ఆ దీవుల్లో గొడ్డుమాంసమో దుప్పిమాంసమో పల్చగా కోసి, ఉప్పు పట్టించి ఆరబెట్టేవారు. మా ఊళ్లో ఒరుగులూ అంతే. యాట తెగిన రోజు మిగిలిన మాంసాన్ని సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ రాసి దండెం మీద వేసేవారు. కాకులు రాకుండా పిల్లల్ని కాపలా పెట్టేవారు. ముక్క గట్టిపడ్డాక కుండలో దాచి, కూర కరువైన రోజుల్లో గోంగూరతో వండేవారు. ఆ వాసనకు వీధి వీధంతా తెలిసిపోయేది, ఎవరింట్లో ఏం ఉడుకుతోందో!

ఇప్పటి ఫిలిపినో ఇళ్లలో టాపాకు ఎండ తగలడం తక్కువ. సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు, కాస్త చక్కెర, వెనిగరో కలమాన్సీ అనే చిట్టి నిమ్మ రసమో పట్టించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్నే వేయిస్తారు. నా లెక్కన ఇది తప్పు కావాలి. కాదు. మా వాళ్లు ఎండబెట్టింది రుచి కోసం కాదు, మాంసం పాడవకుండా. ఆ అవసరం తీరాక ఫిలిపినోలు ఎండను వదిలారు గానీ ఉప్పునూ పులుపునూ వదల్లేదు. ముక్క పల్చగా ఉంటేనే అవి లోపలిదాకా పడతాయి. అందుకే ఆ వీడియో ముక్కలు టాపా కావు.

అన్నం సంగతి ఇంకా ముఖ్యం. వెల్లుల్లితో వేయించే 'సినంగాగ్'కు నిన్నటి అన్నమే కావాలి. చల్లారి ఆరిన మెతుకు పొడిపొడిగా వేగుతుంది, వేడన్నం ముద్దవుతుంది. దానికి టాపా, ఒక గుడ్డు తోడైతే టాప్సిలోగ్. 1980ల్లో మనీలా పక్కన మరికినాలో చిన్న హోటల్ నడిపిన వివియన్ డెల్ రొసారియో ఆ పేరు పెట్టారని అక్కడివాళ్లు చెబుతారు. పక్కన మిరపకాయలు వేసిన వెనిగర్ ఉండాలి, నూనె వెగటును విరిచేది అదే.

ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మన పిల్లలు చాలామంది డాక్టరీ చదువుతున్నారు. సెలవులకు వచ్చినప్పుడు వాళ్లచేత ఒక పొద్దున టాపా చేయించండి. గొడ్డుమాంసం తినకపోతే కోడితో చేయమనండి, అక్కడా చేస్తారు. ముందురోజు రాత్రి రెండు గిద్దల బియ్యం ఎక్కువ వండి పెట్టడం మాత్రం మరవకండి.