‘లూచే’, ‘లూమే’: ధాతువు, ప్రయోగం – ఒక పరిశీలన

ఇటాలియన్‌లో వెలుగును తెలిపే ‘లూచే’, ‘లూమే’ పదాలు రెండూ లాటిన్ నుండి వచ్చినవే. మొదటిది ‘లూక్స్’ పదానికి ద్వితీయా విభక్తి రూపమైన ‘లూకెమ్’ నుండి ఏర్పడింది. పదాంత మకారం లోపించింది. ఎకారానికి ముందున్న కకారం చకారమైంది. లాటిన్ హ్రస్వ ఉకారం ఇటాలియన్‌లో సాధారణంగా ఓకారంగా మారుతుంది: శిలువను తెలిపే ‘క్రుకెమ్’ ‘క్రోచే’ అయింది. ‘లూకెమ్’లోని అచ్చు దీర్ఘం కనుక మారకుండా నిలిచింది. రెండవది ‘లూమెన్’ అనే నపుంసక పదం. ‘నోమెన్’ (పేరు) ‘నోమే’ అయినట్లే ఇదీ అంత్య నకారాన్ని కోల్పోయి ‘లూమే’ అయింది.

ఈ రెంటికీ మూలధాతువు ఒకటే. సంస్కృత ‘రుచ్’ ధాతువు దానికి సజాతీయం. అయితే ధాతువు తెలిసినంత మాత్రాన అర్థం నిర్ణయమవుతుందా? కావ్యభాషలో కాంతి అనే అర్థమున్న ‘రుచి’ నేటి వాడుకలో నాలుకకు సంబంధించిన మాటగానే మిగిలింది. ధాతువు అర్థానికి ఆరంభాన్ని చూపగలదు గాని, దాని గమ్యాన్ని నిర్ణయించలేదు.

దాంతే రచనలు దీనికి చక్కని నిదర్శనం. మధ్యయుగ లాటిన్ తత్త్వశాస్త్రంలో మూలస్థానంలోని వెలుగు ‘లూక్స్’, మాధ్యమంలో వ్యాపించినది ‘లూమెన్’. ‘కొన్వీవియో’ మూడవ ప్రకరణం 14వ అధ్యాయంలో దాంతే తత్త్వవేత్తల వాడుకను పేర్కొంటూనే వేరొక విభజన చేశాడు. అక్కడ ‘లూమే’ సామాన్యనామం. అది మూలంలో ఉన్నప్పుడు ‘లూచే’, మాధ్యమంలో సాగేటప్పుడు ‘రాజ్జో’, మరొక వస్తువుపై పడి ప్రతిఫలించినప్పుడు ‘స్ప్లెండోరే’. లాటిన్ ‘లూమెన్’ అర్థాన్నే ‘లూమే’కు ఆపాదించే అనువాదకుడు ఇక్కడ పొరబడక తప్పదు.

ఈ సందర్భానికి తెలుగులో ‘లూమే’కు వెలుగు, ‘లూచే’కు మూలజ్యోతి, ‘రాజ్జో’కు కిరణం, ‘స్ప్లెండోరే’కు ప్రతిఫలిత కాంతి అనడం సమంజసం. కాని ఈ పట్టికను దాంతే కావ్యమంతటికీ వర్తింపజేయరాదు. ‘ఇన్ఫెర్నో’ 29వ సర్గ ఆరంభంలో ‘లూచే’ బహువచన రూపం కన్నులను తెలుపుతుంది. అక్కడ ‘మూలజ్యోతి’ అన్వయించదు. పదచరిత్ర అనువాదకునికి ఆధారమే. తుది నిర్ణయం మాత్రం ప్రయోగానిదే.