బొమ్మ పరిమాణం, బల నిర్ణయం: తోలుబొమ్మలాటలో యుద్ధ చిత్రణ

తోలుబొమ్మలాటలోని యుద్ధ ఘట్టాలను కేవలం సందడిగా భావించడం సరికాదు. పాత అనంతపురం జిల్లా కరవు సీమలోని నిమ్మలకుంట కళాకారులు ప్రదర్శించే రామాయణంలో గెలుపెవరిదో ప్రేక్షకులకు ముందే తెలుసు. కనుక ఉత్కంఠకు వేరే ఆధారం కావాలి.

ఐచిరో ఓడా 1997లో ఆరంభించిన సముద్రదొంగల జపాను చిత్రకథ ‘వన్ పీస్’తో పోల్చితే ఆ ఆధారం స్పష్టపడుతుంది. అందులో తలకు కట్టిన వెల బలానికి కొలతగా తోస్తుంది. అయితే లూఫీకి తొలి వెల, 3 కోట్ల బెరీలు, ఆర్లాంగ్‌ను ఓడించిన తరువాతే పడుతుంది. అంకె పోరును నిర్ణయించదు, పోరు వెనుక వస్తుంది.

తోలుబొమ్మలాటలో కొలత ముందే తోలులో కోయబడి ఉంటుంది. అందుకే ఒకే హనుమంతుడికి చిన్నా పెద్దా బొమ్మలు అవసరమవుతాయి; పెరగడమంటే తెర వెనుక బొమ్మ మారడం. ఎవరు గెలుస్తారన్నది కాక, బొమ్మ ఎప్పుడు మారుతుందన్నదే ప్రేక్షకుని నిరీక్షణ. సురస కథ ఇందుకు చక్కని ఉదాహరణ. ఆమె నోరు పెంచిన కొద్దీ హనుమంతుడూ పెరిగి, చివరకు బొటనవేలంతై ఆ నోట దూరి బయటపడతాడు. ఒక్క దెబ్బ లేదు; బలం కుదించుకోవడంలో ఉంది. దెబ్బలున్న చోట కూడా తాకేది తోలు, మోగేది ఆటగాని పాదాల కింది చెక్క.

నేడు ల్యాంప్‌షేడ్ల తయారీకి మళ్లిన నిమ్మలకుంటలో హనుమంతుడి బొమ్మ అలంకరణకు ఒంటరిగా అమ్ముడవుతుంది. చిన్న బొమ్మ పక్కన లేనిదే పెద్దదాని బలం తెలియదు.