జానపదగేయమునకుఁ గర్త యెవరు? — వింజమూరి అనసూయాదేవి పాటలు

శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమున గేయమందలి పదభాగమునకు మాతువనియు, స్వరభాగమునకు ధాతువనియుఁ బేర్లు పెట్టి, రెండిటిని నిర్మింపఁగలవానిని వాగ్గేయకారుఁడన్నాఁడు. (వైయాకరణులకు ధాతువు పదమునకు మూలము, సాంగీతికులకు ధాతువు పదము కానిది. ఒక్క శబ్దమునకే యింత వైపరీత్యము!) ధాతువున సమర్థుఁడై మాతువున మందుఁడైనవాఁడు మధ్యముఁడనియు, రమ్యమైన మాతువును రచించియు ధాతువున మందుఁడైనవాఁ డధముఁడనియు నాతని నిర్ణయము. పరుల ధాతువునకు మాటలు గూర్చువాఁడు కుట్టికారుఁడు. మఱి, కర్త పేరే తెలియని పాటకు స్వరలిపి యిచ్చి లోకమునకుఁ జేర్చినవారి స్థానమేది? వింజమూరి అనసూయాదేవి (1920–2019) కృషిని విమర్శింపఁబూనినవారికి మొదట నెదురగు ప్రశ్న యిదియే.

కాకినాడలోఁ బుట్టిన యీ విదుషి, సోదరి సీతాదేవితోఁ గూడి సభలలోను రేడియోలోను జానపదగేయములు పాడి, పల్లెపాటకుఁ బట్టణపు వేదికపైఁ బీట వేసినది. దేవులపల్లి కృష్ణశాస్త్రి యీమెకు మేనమామ. ఆయన ‘జయజయజయ ప్రియభారత’ గీతమునకు వరుస కట్టినది యీమెయే. అచ్చట మాతువొకరిది, ధాతువొకరిది, వివాదము లేదు. చిక్కంతయు జానపదగేయములయందే.

అనకాపల్లివంటి సీమలో నాట్లు వేయు స్త్రీలలో నొకతె పాట యెత్తుకొనఁగాఁ దక్కినవారందుకొందురు. వరుస తాతలనాఁటిది, మాటలు మాత్ర మానాఁటి యెండనుబట్టి, మేస్త్రీ మాటనుబట్టి, వెక్కిరింపఁదగిన బావనుబట్టి మాఱుచుండును. పని సాగినంతసేపును జరణములు పెరుగుచుండును. శాస్త్రరీత్యా యామె కుట్టికారిణి. శాస్త్రమున నామెకు సంజ్ఞ యున్నది; పుస్తకమునఁ బేరు లేదు.

అనసూయాదేవి యిట్టి పాటలను స్వరసహితముగఁ బ్రకటించుట గొప్ప యుపకారము. ఆ గ్రంథములు లేకున్న ననేకములగు వరుసలు పాడువారితోనే పోయియుండును. అయినను చెఱకురసమును గాఁచి బెల్లపుదిమ్మ చేసినప్పుడు నిలువ యుండునదియు లభించును, పచ్చిరసపు రుచియుఁ బోవును. ఈమెకు హార్మోనియమునందు నైపుణ్య మెక్కువ. ఆ వాద్యమున మెట్టునకు మెట్టునకు నడుమ జాఱుటకుఁ జోటు లేదు. పల్లెగొంతు జాఱుటయే యందము. ఆకాశవాణి 1940లో హార్మోనియమును నిషేధించి 1971లోఁ గొంత సడలించినది. గమకలోపము నాఁడు చెప్పఁబడిన కారణములలో నొకటి. ఈమె పాడినప్పుడు గొంతు వాద్యమును మించి, యా లోపమును జాలవఱకుఁ బూరించినది. లిపికి మాత్ర మా భాగ్యము లేదు.

గ్రామ్యపదములు దొరలినవని యీ పాటలను నిరసించుట పండితులకుఁ దగదు. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునుగాని, శబ్దములు చేసి పెట్టుమని వైయాకరణుని యింటి కెవ్వఁడును బోఁడని పతంజలియే మహాభాష్యమునఁ జెప్పియున్నాఁడు. ఈ పాటలలోఁ బదములను దిద్దిన మాత్ర చెడును. మాత్ర చెడినఁ జేతిపని తాళము తప్పును.

ఆంధ్ర విశ్వవిద్యాలయ మీమెకుఁ గళాప్రపూర్ణ బిరుద మిచ్చి గౌరవించినది, అది యుచితము. ఇఁక నీమె గ్రంథములను మరల ముద్రింపఁబూనువారు కవుల గీతములకడ నీమెను ధాతుకర్త్రిగాఁ బేర్కొనవలెను. జానపదగేయములకడ నా మాట చాలదు. పాట యే యూరిది, యే పనిలోఁ బాడునది, వరుస విన్నదియా, మార్చినదియా యనునవి తెలిసినంతవఱకుఁ బ్రతి పాటక్రిందను వ్రాయవలెను. పాడినవారి పేరు దొరకనిచోట నా పంక్తిని దీసివేయక ఖాళీగానే యుంచుట మేలు.